తలుపుకు లాచ్ బిగించడానికి రూటర్ జిగ్గు కొనాలా, ఉలి చాలా?

హనుమకొండలో ఇల్లు కట్టుకుంటున్న మిత్రుడు ఒకరు మొన్న ఫోను చేసి, "లాచ్‌లు బిగించడానికి ఏ రూటర్ జిగ్గు కొనమంటారు?" అని అడిగారు. (రూటర్ అంటే గిర్రున తిరిగే బిట్టుతో చెక్కలో గాడి తవ్వే యంత్రం, జిగ్గు అంటే పనిముట్టు పక్కకు పోకుండా దారి చూపే పట్టు.) "లాచ్‌లు కొన్నారా?" అన్నాను. ఇంకా లేదట. తలుపులు? అవి ఇంకా సామిల్లులో కోతకే పడలేదట. పెళ్ళికూతురు ఎవరో తెలియకముందే జాకెట్టు కుట్టించడానికి బయలుదేరినట్టుంది వ్యవహారం.

ఆయన్ను అని ఏం లాభం? జిగ్గు చూస్తే ఎవరికైనా మోజు పుడుతుంది. అది కొంటే పని దానంతట అదే కచ్చితంగా వస్తుందని అనుకుంటాం. జిగ్గుకు తెలిసిన విద్య ఒక్కటే, మీరు పెట్టిన కొలతను మళ్ళీ మళ్ళీ అలాగే కోయడం. సరైన కొలత పెడితే పది తలుపులూ బాగుంటాయి. ఒక మిల్లీమీటరు తప్పు పెడితే పదింటిలోనూ అదే తప్పు, ఎంతో శ్రద్ధగా వస్తుంది. ఉలి పట్టినవాడు కనీసం తలుపుకొక కొత్త తప్పు చేస్తాడు.

నేను ఈ పనిలోకి వచ్చింది నాన్న వెనకాల పనిముట్ల సంచి మోస్తూ. రూటర్ చేతికి వచ్చింది చాలా ఏళ్ళ తరువాత. రెండూ ఇష్టమే కాబట్టి రెండింటి లోపాలూ చెప్పగలను.

మొదట లాచ్ పెట్టె విప్పండి

ఏ పనిముట్టు కావాలో లాచ్ చెబుతుంది. అంగడిలో దొరికేవాటిని మూడు రకాలుగా చూడవచ్చు.

గొట్టం లాచ్ అన్నిటికంటే తేలిక. తలుపు అంచులో 22 నుంచి 25 మి.మీ. రంధ్రం, ముందు పలక కూర్చోవడానికి సుమారు 3 మి.మీ. లోతు గాడి, హ్యాండిల్ చువ్వ కోసం తలుపు ముఖం మీద చిన్న రంధ్రం ఉంటే చాలు.

గుండ్రటి పిడి ఉండే సిలిండ్రికల్ లాకుకు ముఖం మీద 54 మి.మీ. పెద్ద రంధ్రం, అంచులో 25 మి.మీ. రంధ్రం కావాలి. తలుపు అంచు నుంచి పెద్ద రంధ్రం మధ్య వరకు ఉండే దూరాన్ని బ్యాక్‌సెట్ అంటారు. ఈ రకంలో అది సాధారణంగా 60 లేదా 70 మి.మీ. ఉంటుంది. చాలా కంపెనీలు ఈ కొలతలకే కట్టుబడి ఉంటాయి కాబట్టి వీటికి తయారు జిగ్గులు సులభంగా దొరుకుతాయి.

మూడోది మోర్టిస్ లాకు. ఇనుప పెట్టె మొత్తం తలుపు మందంలోకి దూరిపోతుంది. పెట్టె మందం 14 నుంచి 16 మి.మీ. వరకు ఉంటుంది. లోతు మాత్రం బ్యాక్‌సెట్‌ను బట్టి 70 మి.మీ. దాటిపోతుంది. సన్నగా, లోతుగా, నిటారుగా ఒక గూడు తవ్వాలి. అసలు కష్టమంతా ఇక్కడే. మోర్టిస్ తాళాల కోసం ఐఎస్ 2209 అనే భారతీయ ప్రమాణం ఉన్నా, రెండు కంపెనీల పెట్టెలు పక్కపక్కన పెడితే పొడవులోనో పలక వెడల్పులోనో తేడా కనబడుతుంది. పెట్టెలో వచ్చే కాగితపు నమూనాను కూడా నమ్మకండి. వెర్నియర్‌తో లాకునే కొలవండి.

తలుపు మందం కూడా ఇప్పుడే చూడాలి. 30 మి.మీ. ఫ్లష్ తలుపులో (రెండు వైపులా నున్నటి పలకలు అతికించిన తలుపు) 16 మి.మీ. పెట్టె పెడితే అటూ ఇటూ మిగిలేది ఏడేసి మిల్లీమీటర్లు. గూడు రెండు మి.మీ. పక్కకు జరిగితే ఒకవైపు ఐదే మిగులుతుంది, హ్యాండిల్ మర పట్టుకోవడానికి చెక్కే ఉండదు. 35 మి.మీ. తలుపైతే కాస్త ఊపిరి ఆడుతుంది. 25 మి.మీ. తలుపుకు మోర్టిస్ లాకు ఆలోచనే వద్దు.

ఫ్లష్ తలుపు కొనేటప్పుడు లాకు దగ్గర గట్టి చెక్క ఏ వైపున ఉందో, ఎంత ఎత్తున ఉందో అడిగి పెన్సిల్‌తో గుర్తు వేయించుకోండి. పలకల టేకు తలుపైతే మరో ప్రమాదం ఉంది. నడుమ అడ్డపట్టీ కూసం (దాని కొసన సన్నగా చెక్కిన ముక్కు) నిలువు చట్టంలోకి దూరేది దాదాపు హ్యాండిల్ ఎత్తులోనే. లాకు గూడు సరిగ్గా అక్కడే తవ్వితే ఆ కూసాన్ని నరికేసినట్టే. నాలుగంగుళాలు పైకో కిందికో జరపండి.

ఏ ముఖం నుంచి కొలుస్తున్నారు?

జిగ్గులు పోల్చే ముందు దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో సగం దీనివల్లే.

తలుపు మూసినప్పుడు దర్వాజ చట్రంలోని మెట్టుకు ఆనుకుంటుంది. లాచ్ నాలుక ఆ మెట్టు నుంచి ఎంత దూరంలో ఉందన్నదే దర్వాజలోని స్ట్రైక్ పట్టీకి (నాలుక దూరే రంధ్రం ఉన్న రేకు) కావలసిన కొలత. జిగ్గుల్లో రెండు జాతులున్నాయి. ఒకటి తలుపును రెండు వైపులా పట్టుకుని తనంతట తాను మధ్యకు వచ్చేది. రెండోది ఒకే ముఖానికి ఆని, అక్కడి నుంచి కొలిచేది.

జన్నారం వైపు టేకు తెచ్చి స్థానికంగా చేయించిన తలుపులు చిత్రిక పట్టాక ఒకటి 34 మి.మీ., మరొకటి 36 మి.మీ. రావడం మామూలే. మధ్యకు వచ్చే జిగ్గు మొదటిదానిలో లాచ్ మధ్యగీతను 17 మి.మీ. దగ్గర, రెండోదానిలో 18 దగ్గర పెడుతుంది. దర్వాజల్లో స్ట్రైక్ పట్టీలు మాత్రం మెట్టు నుంచి ఒకే కొలతకు కోసి ఉంటారు. ఆ ఒక్క మిల్లీమీటరుకే ఒక గది తలుపు గాలికి టకటకమంటుంది, ఇంకో గది తలుపు భుజంతో నెడితే గానీ పడదు. జిగ్గు తప్పు చేయలేదు, మధ్యకే కోసింది. మనకు కావలసింది మధ్య కాదు.

అందుకే చేతితో చేసిన తలుపులకు ఒకే ముఖానికి ఆనే జిగ్గు వాడండి, ఆ ముఖం మెట్టుకు ఆనేదే కావాలి. ఫ్యాక్టరీ ఫ్లష్ తలుపుల మందంలో పెద్ద తేడా ఉండదు కాబట్టి మధ్యకు వచ్చే జిగ్గు అక్కడ సుఖం.

నాలుగు దారులు, ఒక్క చూపులో

టెంప్లేటు అంటే రూటర్‌కు దారి చూపే రంధ్రం కోసిన పలక. ట్రిమ్మర్ అంటే చిన్న రూటర్, ప్లంజ్ రూటర్ అంటే బిట్టును నిటారుగా చెక్కలోకి దించగలిగేది.

| | ఉలి, డ్రిల్లు | డ్రిల్లుకు బిగించే జిగ్గు | సొంత టెంప్లేటు, రూటర్ | కొన్న మోర్టిస్ జిగ్గు |
|---|---|---|---|---|
| ఏ లాచ్‌కు | అన్నిటికీ | సిలిండ్రికల్, గొట్టం | పలక గాడి, స్ట్రైక్ పట్టీ, కొంత లోతు వరకు మోర్టిస్ | మోర్టిస్ |
| ఎన్ని తలుపులకు గిట్టుబాటు | ఒకటి నుంచి మూడు | రెండు నుంచి | ఒకే లాకు ఐదు తలుపులకు పైన | ఏటా పదుల్లో ఉంటేనే |
| వేలాడుతున్న తలుపుకు | బాగుంటుంది | చాలా బాగుంటుంది | కష్టం | రూటర్‌ది కష్టం, డ్రిల్లుది పర్వాలేదు |
| కావలసిన యంత్రం | డ్రిల్లు | డ్రిల్లు | ట్రిమ్మర్ లేదా ప్లంజ్ రూటర్ | పెద్ద ప్లంజ్ రూటర్ లేదా దాని సొంత డ్రిల్లు ఏర్పాటు |
| ఎక్కడ చెడుతుంది | చేయి, కన్ను | అరిగిన ప్లాస్టిక్ కన్నం | లెక్క, తలకిందులు | లాకు కొలత దానిలో లేకపోవడం |

ఉలి, డ్రిల్లు

దీన్ని పాత పద్ధతి అని తీసిపారేయకండి. చేయి తిరిగిన మనిషి మోర్టిస్ లాకు ఒకటి గంట లోపే బిగిస్తాడు. రూటర్‌వాడు ఆ గంటలో ఇంకా టెంప్లేటు కోస్తూ ఉంటాడు.

నాన్న పెన్సిల్ గీతను గీతగా లెక్కపెట్టేవాడు కాదు. లాకు పలకను అంచు మీద పెట్టి, సన్నటి చాకు మొనతో చుట్టూ గీసేవాడు. పెన్సిల్ గీతకు మందం ఉంటుంది, దాని ఏ పక్కన కోయాలన్నది ప్రతిసారీ సందేహమే. చాకు గీతలో ఉలి మొన తనంతట తానే జారి కూర్చుంటుంది. పైగా నారలు ముందే తెగి ఉంటాయి కాబట్టి అంచు చీలదు. గూడుకు వరసగా రంధ్రాలు వేసి, మధ్యలో మిగిలిన పలుచటి గోడలను ఉలితో తీసేయాలి. డ్రిల్లు నిటారుగా ఉందో లేదో ఇంకొకరు పక్క నుంచి చూస్తూ ఉండటం మేలు.

టేకులో ఈ పని హాయిగా సాగుతుంది. వేప, మద్ది అయితే వేరే కథ. నార అటూ ఇటూ మెలి తిరిగి ఉంటుంది కాబట్టి ఉలి ఒక్కోచోట ఎదురు తిరుగుతుంది, పొర లేచి వస్తుంది. మద్ది తలుపులు నాలుగు దాటితే నేను ఉలి పక్కన పెట్టి రూటర్ వైపు చూస్తాను. అక్కడ పౌరుషానికి పోతే మణికట్టే అరుగుతుంది.

డ్రిల్లుకు బిగించే జిగ్గు

సిలిండ్రికల్ లాకే కొంటున్నారా? ఇక ఆలోచించనక్కరలేదు, ఇదే తీసుకోండి. తలుపు అంచుకు క్లిప్పులా పట్టుకుంటుంది. పెద్ద రంధ్రానికీ అంచు రంధ్రానికీ కన్నాలు ముందే ఉంటాయి. 54 మి.మీ. హోల్ సాతో (గిన్నెలాంటి గుండ్రటి రంపం బిట్టు) ఒక ముఖం నుంచి మొదలుపెట్టి, నడిమి బిట్టు కొస అవతల కనబడగానే ఆపాలి. తరువాత రెండో వైపు నుంచి పూర్తి చేయాలి. ఒకే వైపు నుంచి పోనిస్తే అవతలి పొర చిట్లిపోతుంది, లామినేట్ ఉంటే మరీ వికారంగా. పలక గాడి మాత్రం ఎలాగూ ఉలితో చెక్కాలి.

సొంత టెంప్లేటు, రూటర్

ఒకే లాకు ఐదారు తలుపులకు పడితే నా ఓటు దీనికే. ఖర్చు దాదాపు ప్లైవుడ్ ముక్కే, కానీ లెక్క తెలియాలి.

రూటర్ అడుగున గైడ్ బుష్ అనే ఇనుప గొట్టం ఉంటుంది. అది టెంప్లేటు అంచును రాసుకుంటూ పోతుంది, బిట్టు దాని మధ్యలో తిరుగుతుంది. కాబట్టి టెంప్లేటు రంధ్రం కావలసిన గాడి కంటే పెద్దదిగా ఉండాలి. ఎంత పెద్దది? బుష్ బయటి వ్యాసంలోంచి బిట్టు వ్యాసం తీసేయండి. బుష్ 16 మి.మీ., బిట్టు 12 మి.మీ. అయితే తేడా 4. లాచ్ పలక 25 × 57 మి.మీ. అనుకుంటే టెంప్లేటు రంధ్రం 29 × 61 మి.మీ. కోయాలి. చాలామంది ఆ నాలుగును ఒక్కో వైపుకూ కలిపేస్తారు. అప్పుడు పలక గాడిలో లొడలొడలాడుతుంది.

టెంప్లేటుకు 9 లేదా 12 మి.మీ. ప్లైవుడ్ చాలు. మన దగ్గర హైలం షీటు అని పిలిచే బేకలైట్ పలక అయితే అంచు అరగదు. బుష్ ముక్కు టెంప్లేటు మందం కంటే పొట్టిగా ఉందో లేదో చూసుకోండి, లేకపోతే చెక్కకు తగిలి ఆగిపోతుంది. చేతితో కోయడం మీద నమ్మకం లేకపోతే బోర్డులు తయారు చేసే దుకాణాల్లో అక్రిలిక్ పలకను లేజరుతో కోయించుకోవచ్చు. లేజరు కూడా కోతలో కొంత తినేస్తుంది, కాబట్టి ముందు చిన్న ముక్క కోయించి కొలవండి.

తలుపు అంచు వెడల్పు 35 మి.మీ. మాత్రమే. దాని మీద రూటర్ నిలబెట్టడమంటే గోడ మీద పిల్లి నడకే. టెంప్లేటును ఒక జానెడు వెడల్పు ఉంచి, కింద ఒక వైపు గట్టి చెక్క దిమ్మెను సరిగ్గా లంబంగా బిగించండి. ఆ దిమ్మె మెట్టుకు ఆనే ముఖాన్ని పట్టుకోవాలి. రెండో వైపు మరో దిమ్మె ఆసరాకు మాత్రమే, దాన్ని కొలతకు వాడకూడదు.

లోతు పెట్టడానికి స్కేలు అక్కరలేదు. టెంప్లేటు బిగించాక, రూటర్ ఆపి ఉండగానే, బిట్టు కొస చెక్కను ముద్దాడేవరకు దించి బిగించండి. లోతు కడ్డీకీ దాని కింద ఉండే ఆపుకూ మధ్య లాచ్ పలకనే పెట్టండి. కడ్డీని పలక మీదికి దించి మర బిగించి, పలకను తీసేయండి. ఇప్పుడు రూటర్ సరిగ్గా పలక మందమే దిగుతుంది. బిగించాక గోరుతో రాస్తే అంచు తెలియకూడదు.

రూటర్‌ను గాడి లోపల గడియారం ముల్లు తిరిగే దిక్కున నడపండి, బుష్ టెంప్లేటు అంచును అంటిపెట్టుకుని ఉంటుంది. పిడి మొదటి తలుపుకు ఏ వైపు ఉందో చివరి తలుపుకూ ఆ వైపే ఉంచండి. బుష్, బిట్టు నూటికి నూరుపాళ్ళు ఒకే కేంద్రంలో ఉండటం అరుదు. అర మిల్లీమీటరు తేడా ఉండి, రూటర్‌ను అటుది ఇటు తిప్పి పట్టుకుంటే గాడి ఒక మిల్లీమీటరు జరుగుతుంది.

12 మి.మీ. బిట్టు మూలల్లో 6 మి.మీ. గుండ్రం మిగులుస్తుంది. పలక మూలలు చదరమైతే ఉలితో రెండు దెబ్బలు. కొన్ని లాచ్‌ల మూలలు ముందే గుండ్రంగా ఉంటాయి. వాటికి సగం అంగుళం బిట్టు, అంటే 12.7 మి.మీ., చక్కగా అతుకుతుంది.

మోర్టిస్ గూడు దగ్గర ఈ పద్ధతికి హద్దు ఉంది. చిన్న ట్రిమ్మర్ పావు అంగుళం బిట్టుతో అంత లోతుకు పోదు. బిట్టును కొల్లెట్‌లోంచి (రూటర్‌లో బిట్టును పట్టుకునే బిగింపు) బయటకు లాగి పొడవు పెంచే ప్రయత్నం మాత్రం ఎప్పుడూ చేయకండి, కనీసం 20 మి.మీ. లోపల ఉండాలి. నేను చేసేది రెండు అంచెల పని. రూటర్‌తో గూడును మొదటి 25 మి.మీ. వరకు, ఒక్కో విడతకు ఐదు మిల్లీమీటర్ల చొప్పున దించుతాను. ఆ నిటారు గోడలే డ్రిల్లుకు దారి చూపుతాయి. మిగతా లోతు డ్రిల్లు, ఉలి తీసేస్తాయి. లోపలి గోడ గరుకుగా ఉన్నా ఎవరూ చూడరు.

ఇక నా తలవంపు కథ. కాజీపేటలో ఒక ఇంటికి ఆరు తలుపులు, ఆరింటికీ ఒకే మోర్టిస్ లాకు. టెంప్లేటు చక్కగా వచ్చింది, పొద్దుటి నుంచి హుషారుగా కోశాను. మూడు తలుపులు ఎడమకు తెరుచుకునేవి, మూడు కుడికి. ఐదో తలుపు దగ్గర టెంప్లేటును తలకిందులుగా బిగించాను. పలక గాడి రెండు వైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి కంటికి ఏమీ తెలియలేదు. గూట్లో పెట్టె పెట్టాక చూస్తే హ్యాండిల్ కన్ను ఉండవలసిన చోట తాళం కన్ను ఉంది. ఆ ఇంటి అమ్మగారు పల్లెత్తు మాట అనలేదు. టీ ఇచ్చి, "ఆ తలుపు పిల్లల గదికి పెట్టండి, వాళ్ళకు అందుతుంది" అన్నారు. తిట్టినా బాగుండేది. నా డబ్బులతో కొత్త తలుపు తెచ్చి వేశాను. అప్పటి నుంచి నా టెంప్లేట్లన్నిటి మీదా ఎర్ర పెయింటుతో పైకి ఒక బాణం, మెట్టు వైపు ఒక అడ్డగీత ఉంటాయి. ఎత్తు కూడా తలుపు పై అంచు నుంచే కొలుస్తాను. కింది అంచును గడప, టైల్సు బట్టి ఒక్కో గదికి ఒక్కోలా కోస్తారు.

కొన్న మోర్టిస్ జిగ్గు

వీటిలో రూటర్‌తో నడిచేవి ఉన్నాయి, డ్రిల్లుతో నడిచేవి ఉన్నాయి. ఇంగ్లండ్‌కు చెందిన సౌబర్ డీబీబీ రెండో కోవలోది. తలుపును పట్టుకుని బిట్టును పైకీ కిందికీ నడిపిస్తూ గూడు తవ్వుతుంది. అదే దేశపు ట్రెండ్ సంస్థ రూటర్‌కు లాకు జిగ్గులు చేస్తుంది.

రూటర్ రకం కొనాలంటే అర అంగుళం కొల్లెట్ ఉన్న పెద్ద ప్లంజ్ రూటర్, పొడవాటి బిట్టు ముందే ఉండాలి. విదేశీ జిగ్గులతో వచ్చే తయారు పలకలు అక్కడి లాకుల కొలతలకు చేసినవి. మన అంగట్లో లాకు పలక వెడల్పు రెండు మి.మీ. తేడా ఉన్నా ఆ పలక గోడకు వేలాడదీయడానికే. కాబట్టి పొడవు, వెడల్పు రెండూ జరుపుకోగలిగే రకమే చూడండి. సర్దుబాటు మరలు గట్టిగా నిలవాలి. మూడో తలుపుకే సడలిపోయేదాని కంటే ప్లైవుడ్ ముక్క నయం.

ఎవరికి ఏది

సొంత ఇంట్లో ఒకటి రెండు లాచ్‌లు మార్చుకునేవారు, అద్దె ఇల్లు బాగు చేయిస్తున్నవారు ఉలి దగ్గరే ఆగండి. తలుపు వేలాడుతున్నప్పుడు రూటర్‌ను అడ్డంగా పట్టుకోవడం చేతికీ మంచిది కాదు, తలుపుకూ మంచిది కాదు. కింద రెండు వైపులా చెక్క చీలికలు దూర్చి తలుపు కదలకుండా చేసి, డ్రిల్లుతో పని కానివ్వండి.

కొత్త ఇల్లు, ఆరేడు తలుపులు, చేతిలో ట్రిమ్మర్ ఉన్నవారికి సొంత టెంప్లేటు. తలుపులు దర్వాజకు ఎక్కించకముందే బల్ల మీద పెట్టి కోయండి, మొదటి కోత తలుపంత మందమున్న పనికిరాని ముక్క మీద. ట్రిమ్మర్ లేనివారు ఈ ఒక్క ఇంటి కోసం కొనడం నాకు సబబు అనిపించదు. వడ్రంగికి కూలి ఇచ్చి, ఏ ముఖం నుంచి కొలుస్తున్నారని మాత్రం అడగండి.

హనుమకొండ, కరీంనగర్ వైపు అపార్ట్‌మెంట్ల పని పట్టుకునే మేస్త్రీలకు కొన్న జిగ్గు గిట్టుబాటే, అందులోనూ బిల్డరు అన్ని ఫ్లాట్లకూ ఒకే లాకు ఖాయం చేస్తే. తలుపులు పంపే ఫ్యాక్టరీ గూడు కూడా కోసి ఇస్తానంటే లాకు ఒకటి వాళ్ళ చేతిలో పెట్టి కోయించండి. ఫోనులో కొలతలు చెప్పకండి.

దర్వాజ వైపు

స్ట్రైక్ పట్టీ ఎక్కడ పడాలో చెప్పే జిగ్గు మీ పూజగదిలోనే ఉంది. లాచ్ నాలుకకు కాస్త తడి కుంకుమ రాసి, హ్యాండిల్ తిప్పి పట్టుకుని తలుపు మూయండి. మెట్టుకు ఆనాక హ్యాండిల్ వదిలితే నాలుక దర్వాజకు బొట్టు పెడుతుంది. స్ట్రైక్ రంధ్రం అక్కడ కోయాలి. పెయింటు లేదా పాలిష్ ఇంకా పడవలసి ఉంటే మెట్టు నుంచి ఒక మి.మీ. అదనంగా వదలండి.

మే నెలలో మన ఎండలు 44, 45 డిగ్రీలకు చేరినప్పుడు బిగించిన తలుపు జూలై వానలకు ఉబ్బుతుంది. టేకు తక్కువ, వేప ఎక్కువ. ఎండాకాలంలో లాచ్ వైపు సందు మూడు మిల్లీమీటర్లకు తగ్గనివ్వకండి. స్ట్రైక్ రంధ్రం పైకీ కిందికీ ఒక్కో మిల్లీమీటరు పెద్దదిగా ఉండనివ్వండి. పట్టీని మొదట పొట్టి మరలు రెండింటితోనే పట్టించండి. ఒక వానాకాలం గడిచి తలుపు ఎక్కడ నిలబడుతుందో చూశాక, అప్పుడు పొడుగు మరలు వేయండి.